చివరి పీరియడ్ పిల్లలది

జూన్‌లో బడి తెరిచిన రెండో రోజో మూడో రోజో మా స్టాఫ్ రూంలో పెద్ద డ్రాయింగ్ షీటు పరిచి టైం టేబుల్ గీస్తారు. ఒక్కో గడిలో ఒక్కో సబ్జెక్టు రాసుకుంటూ పోయి, పదో తరగతి వరుసలో చివరి గడి దగ్గరికి వచ్చేసరికి పెన్ను కాసేపు ఆగుతుంది. అక్కడ ఆటలు అని రాస్తాం. ఆ గడి ఆటలది కాదని రాసేవాళ్ళకీ తెలుసు, చూసేవాళ్ళకీ తెలుసు. సోమవారం లెక్కలు, మంగళవారం సైన్సు, బుధవారం ఇంగ్లీషు అని నోటిమాటగా పంచేసుకుంటాం. నేను ఫిజికల్ సైన్సు చెప్తాను, పంతొమ్మిదేళ్ళ సర్వీసులో పదిహేనేళ్ళు నేనూ అలా పంచుకున్నవాణ్ణే. పదో తరగతి కదా, పిల్లల మేలు కోసమే కదా అనుకునేవాణ్ణి, నిజంగానే అనుకునేవాణ్ణి.

ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ఎందుకో వివరంగా రాయాలని చాలా రోజుల నుంచి ఉంది.

మాది ప్రకాశం జిల్లా పడమటి వైపున్న ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. పిల్లల్లో సగం మందికి పైగా చుట్టుపక్కల పల్లెల నుంచి వస్తారు. సాయంత్రం నాలుగుంబావుకి ఒక పల్లెవెలుగు బస్సు ఉంది, అది పోతే మళ్ళీ ఆరున్నరకే. బెల్లు కొట్టిన మరుక్షణం సంచులు భుజాన వేసుకుని రోడ్డు మీదకి పరిగెడతారు. ఇంటికెళ్ళాక ఆడపిల్లలకి నీళ్ళు, అంట్లు, తమ్ముళ్ళు. మిరపకోతల రోజుల్లో అయితే ఆదివారం కూడా చేలోనే. మగపిల్లలు గేదెల దగ్గరికి పోతారు. "ఆటలేముందిలెండి, బడి వదిలాక ఆడుకుంటారు" అనే మాట నేను స్టాఫ్ రూంలో వందసార్లు విన్నాను, అందులో సగంసార్లు అన్నది నేనే. బడి వదిలాక అనే సమయం మా పిల్లలకి లేదు. పట్నంలో పిల్లలకి సాయంత్రం ఐదింటికి షటిల్ కోచింగు, ఆదివారం డాన్సు క్లాసు ఉంటాయి, స్కూటీ మీద దింపే అమ్మానాన్నలు ఉంటారు. మా వాళ్ళకి ఉన్నది బడి వేళల్లోని ఆ నలభై నిమిషాలు. అది కూడా మేం తీసేసుకుంటే వాళ్ళ జీవితంలో ఆట అనేది ఎనిమిదో తరగతితో అయిపోతుంది, ఆడపిల్లలకైతే ఇంకా ముందే.

నాలుగేళ్ళ కిందట మా బడికి కొత్త పీడీ గారు, అంటే ఆటల మాస్టారు, బదిలీ మీద వచ్చారు. రెండో రోజు చివరి పీరియడ్‌లో నేను పదో తరగతిలో కటకాల మీద లెక్కలు చేయిస్తుంటే గుమ్మంలో నిలబడ్డారు, మెడలో విజిలు, చేతిలో బంతి.

"మాస్టారూ, ఈ పీరియడ్ నాది."

"పదో తరగతి కదండీ, ఎనిమిదీ తొమ్మిదీ వాళ్ళని తీసుకెళ్ళండి."

"మీ పీరియడ్‌లో నేనొచ్చి కబడ్డీ ఆడిస్తే ఊరుకుంటారా మాస్టారూ?"

పిల్లలందరి ముందూ అన్నారు. నాకు కోపం వచ్చింది, ఆ రోజు ఆయన్ని పంపేశాను కూడా. కానీ ఆ రాత్రి పడుకున్నాక ఆ మాటే చెవిలో తిరిగింది. ఆయన పీరియడ్‌ని నేను పీరియడ్‌గానే చూడలేదు, ఖాళీ గడిగా చూశాను. ఆయన సబ్జెక్టుని సబ్జెక్టు అనుకోలేదు. మర్నాడు హెడ్‌మాస్టర్ గారి గదిలో కూర్చుని ముగ్గురం మాట్లాడుకుంటే వారంలో మూడు రోజులు ఆయనకి, రెండు రోజులు మాకు అని తేలింది. శనివారం చివరి పీరియడ్ నన్నే ఉంచుకోమన్నారు, కాకపోతే ఒక షరతు పెట్టారు, పుస్తకం తెరవకూడదని. ఆ షరతు ఎంత మంచిదో నాకు తర్వాత తెలిసింది.

ముందు ఖోఖో సంగతి చెప్తాను.

మా గ్రౌండు నిండా పల్లేరు కాయలు. మొదటి వారమంతా పిల్లలు ఆడింది లేదు, వంగి ఏరడమే. తర్వాత జామాయిల్ కర్రలు రెండు నున్నగా చెక్కి పాతారు, ముగ్గుపిండితో గీతలు గీశారు, గీతల పొడవు టేపు పెట్టి కొలిచింది మా పదో తరగతి పిల్లలే. కోర్టు 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు. ఖోఖో చూడని తెలుగువాళ్ళు ఉండరు గానీ దగ్గరగా చూసినవాళ్ళు తక్కువ, నేనూ అంతకుముందు చూడలేదు. ఎనిమిది మంది వరుసగా కూర్చుంటారు, ఒకళ్ళు ఇటు మొహం పెడితే పక్కవాళ్ళు అటు. తొమ్మిదో అమ్మాయి తరుముతుంది. తరిమే మనిషి వెనక్కి తిరగకూడదు, కర్ర చుట్టి వస్తే తప్ప మధ్య గీత దాటకూడదు. దాటాల్సి వస్తే కూర్చున్నవాళ్ళలో ఒకరి వెనక చేరి, వీపు తట్టి ఖో అనాలి, అప్పుడు ఆమె లేచి పరుగందుకోవాలి, ఈమె ఆ జాగాలో కూర్చోవాలి. కూర్చున్న పిల్ల ఊరికే కూర్చోదు. మునివేళ్ళ మీద బరువు, ఒక చెయ్యి నేలకి ఆనించి, కళ్ళు మాత్రం పరిగెత్తే వాళ్ళ నడుం మీద. కాళ్ళు మోసం చేస్తాయంట, నడుం చెయ్యదంట, అది ఆ పిల్లలే నాకు చెప్పారు. వెనక నుంచి ఎప్పుడు ఖో వస్తుందో తెలియదు, వచ్చేదాకా లేవకూడదు, వచ్చాక ఒక్క క్షణం ఆగకూడదు. క్లాసులో ప్రశ్న అడిగితే తల దించుకునే అమ్మాయి ఒకతి, అక్కడ ఎవరికి ఖో ఇవ్వాలో అరిచి చెప్తూ జట్టు మొత్తాన్ని నడిపిస్తోంది. నేను ఆ పిల్లకి రెండేళ్ళు పాఠం చెప్పాను. ఆ గొంతు మాత్రం అప్పటిదాకా వినలేదు.

డివిజన్ పోటీలకి పోవాలన్నప్పుడు అసలు కష్టాలు మొదలయ్యాయి. స్కూల్ గేమ్స్ అంటే మండలం, డివిజన్, జిల్లా, రాష్ట్రం అని మెట్లుంటాయి, అండర్-14, అండర్-17 అని వయసు విభాగాలు. కాగితం మీద చదివితే బాగానే ఉంటుంది. ఒక తల్లి బడికే వచ్చింది. "పెద్దమనిషయ్యింది సారూ, ఇంకా ఆటలేంది? ఊరుగాని ఊరు పంపిస్తే రేపు ఎవురన్నా ఏమన్నా అంటే?" అంది. ఆమె భయం అబద్ధం కాదు, నేను కొట్టిపారేయలేను. మా హిందీ మేడమ్ ఆమెని పక్కకి తీసుకెళ్ళి అరగంట మాట్లాడారు. నేను వెంట ఉంటాను, ఏడు గంటలకల్లా మీ గుమ్మంలో దింపుతాను, ఆ తేదీల్లో పిల్లకి ఇబ్బందైతే పంపొద్దు, లాగూ కాదు ట్రాక్ ప్యాంటే వేసుకుంటారు అని ఒక్కొక్కటీ చెప్పారు. ఆ మేడమ్ లేకపోతే మా బడికి ఆడపిల్లల జట్టే లేదు. ఇది గట్టిగా చెప్పాల్సిన విషయం, ఎందుకంటే ఎక్కడా ఎవరూ రాయరు. బంతులకీ నెట్లకీ సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద హైస్కూలుకి ఏడాదికి 25,000 రూపాయల దాకా గ్రాంటు వస్తుంది, దాంతో సామాను కొనొచ్చు. ఆదివారం పొద్దున ఆరింటికి తన ఇంట్లో పని వదిలి పదిమంది పరాయి పిల్లల వెంట బస్సెక్కే టీచర్ని ఏ గ్రాంటుతోనూ కొనలేం.

రెండో మ్యాచ్‌లో ఓడిపోయారు. బస్సులో అరటిపళ్ళూ బ్రెడ్డూ తింటూ దారి పొడుగునా ఎక్కడ తప్పు జరిగిందో కొట్లాడుకుంటూనే వచ్చారు, ఒక్కరూ ఏడవలేదు. ఆ తర్వాత, 2025 జనవరిలో ఢిల్లీలో మొదటి ఖోఖో ప్రపంచ కప్పు జరిగి మన మగవాళ్ళ జట్టూ ఆడవాళ్ళ జట్టూ రెండూ గెలిచినప్పుడు, అందులో మా ప్రకాశం జిల్లా పోతిరెడ్డి శివారెడ్డి ఉన్నాడని తెలిసి మా పిల్లలు పీడీ గారి ఫోన్ చుట్టూ మూగారు. మన ఆటకి ప్రపంచ కప్పా సార్ అని ఒకటే ఆశ్చర్యం. వాళ్ళ దృష్టిలో అది పల్లేరు కాయలు ఏరుకుని ఆడే ఆట మరి.

ఇక నా శనివారం. పుస్తకం తెరవకూడదు అంటే మొదటి రెండు వారాలు నాకేం చెయ్యాలో తోచలేదు. క్విజ్ పెట్టాను, అదీ పరీక్షలాగే అయింది. అప్పుడు బాలల సైన్స్ కాంగ్రెస్ గుర్తొచ్చింది. 1993 నుంచి దేశమంతా నడుస్తున్న కార్యక్రమం అది, 10 నుంచి 17 ఏళ్ళ పిల్లలు ఇద్దరిద్దరు జట్టుగా తమ ఊళ్ళో ఒక సమస్యని ఎంచుకుని పరిశీలించి రాయాలి, సొంత భాషలోనే రాయొచ్చు, సొంత భాషలోనే చెప్పొచ్చు, ఏ రోజు ఏం చేశారో లాగ్‌బుక్ రాయడం తప్పనిసరి. థర్మోకోల్ మీద అగ్నిపర్వతం చేసి ఇంటర్నెట్‌లో దొరికిన నాలుగు వాక్యాలు బట్టీ పట్టే సైన్స్ ఫెయిర్ కాదు. వాటికి నాకు అభ్యంతరం ఉంది. దుకాణంలో కొన్న మోడల్‌కి బహుమతి ఇచ్చిన ప్రతిసారీ చేత్తో చేసిన పిల్ల మనసు విరుగుతుంది, నేను కళ్ళారా చూశాను.

మా వైపు సమస్య వెతుక్కోనక్కర్లేదు. ఫ్లోరైడ్. నీళ్ళల్లో అది ఎక్కువై పళ్ళూ ఎముకలూ పాడయ్యే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో దాని గురించి మొదటి శాస్త్రీయ నివేదిక 1937లో వచ్చింది, అది అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. అంటే ఇప్పటి మా ప్రాంతం, పొదిలి, దర్శి వైపు. అంతకుముందే రైతులు గుర్తు పట్టారట, మనుషుల్లో కాదు, ఎద్దుల్లో. దున్నే ఎద్దులు కీళ్ళు బిగిసిపోయి నడవలేకపోవడం చూసి నీళ్ళల్లో ఏదో ఉందనుకున్నారు. ఈ సంగతి చెప్తే క్లాసు మొత్తం నిశ్శబ్దం అయిపోయింది, ఎందుకంటే ప్రతి ఇంట్లోనూ నడుం వంగిన తాతో, పళ్ళ మీద గోధుమ రంగు చారలున్న అన్నో ఉంటారు.

ఇద్దరు ముందుకొచ్చారు, తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి, అదే క్లాసు అబ్బాయి ఒకడు. ఆ అబ్బాయి సంగతి చెప్పాలి. సాంద్రత లెక్కలు ఇస్తే ప్రమాణాలు తారుమారు చేసేవాడు, యూనిట్ టెస్టులో ఇరవై అయిదుకి ఆరో ఏడో వచ్చేవి. వాళ్ళ నాన్న బోరు బండి మీద పనిచేస్తాడు. ఊళ్ళో బోర్ల పటం గీద్దామని బోర్డు మీద నేను వీధులు గీస్తుంటే వాడు లేచి సుద్దముక్క అడిగి తీసుకుని చకచకా గుర్తులు పెట్టేశాడు. "ఇది నాలుగొందల ఎనభై అడుగులు సార్, ఇది ఆరొందలు, రెండొందల దగ్గర రాయి తగిలింది. రామాలయం పక్కది ఎండిపోయింది, దాన్ని వదిలేద్దాం." నేను సుద్దముక్క ఇచ్చినవాణ్ణి ఇచ్చినట్టే నిలబడ్డాను.

మొత్తం ఇరవై మూడు చోట్ల నీళ్ళు పట్టారు. గాజు సీసాలు వద్దు, ప్లాస్టిక్ సీసాలే, పట్టేముందు అవే నీళ్ళతో మూడుసార్లు తొలవాలి, మూత మీద నంబరు రాయాలి. గ్రామీణ నీటి సరఫరా ల్యాబ్ వాళ్ళు ఒక టెస్ట్ కిట్ ఇచ్చారు. చిన్న గొట్టంలో నీళ్ళు పోసి రసాయనం చుక్కలు కలిపితే గులాబీ రంగు వస్తుంది. ఫ్లోరైడ్ ఎక్కువయ్యేకొద్దీ ఆ గులాబీ పలచబడి పసుపు వైపు తిరుగుతుంది. పక్కన రంగుల కార్డు పెట్టుకుని పోల్చుకోవాలి. ఆ అమ్మాయి ప్రతి గొట్టాన్నీ తెల్ల కాగితం ముందు పెట్టి, ఒక కన్ను మూసి చూసేది. ఇద్దరూ విడివిడిగా చూసి విడివిడిగా రాసుకోవాలి, తర్వాతే మాట్లాడుకోవాలి అని తనే నియమం పెట్టింది. నేను చెప్పింది కాదు. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. సగానికి పైగా బోర్లు దాటాయి. పాత చేదబావిలో తక్కువ ఉంది, లోతు పెరిగేకొద్దీ ఎక్కువ ఉంది, కానీ చెరువుకట్ట దగ్గర రెండు లోతు బోర్లలో మాత్రం తక్కువ వచ్చింది. మళ్ళీ పట్టారు, మళ్ళీ అంతే. చెరువు నీళ్ళు ఇంకి కలుస్తున్నాయేమో సార్ అని అబ్బాయి, అలా అయితే ఎండాకాలం చెరువు ఎండినప్పుడు పెరగాలి కదా అని అమ్మాయి. నా పదిహేనేళ్ళ అదనపు క్లాసుల్లో ఏ పిల్లా ఏ పిల్లాడూ నా ముందు ఇలా వాదించుకోలేదు.

ఒక ముసలమ్మ తన ఇంటి ముందు చేతిపంపు నీళ్ళు పరీక్ష చేయించుకుని, "ఇన్నాళ్ళ నుంచీ ఇయ్యే తాగుతున్నాం, ఇప్పుడు జెప్తే ఏం జెయ్యాలయ్యా" అని అడిగింది. పిల్లలు జవాబు చెప్పలేకపోయారు, నేనూ చెప్పలేకపోయాను. లాగ్‌బుక్‌లో ఆ ప్రశ్న ఉన్నది ఉన్నట్టు రాయమన్నాను. మరుసటి శనివారం వాళ్ళంతట వాళ్ళే వెళ్ళి, తాగడానికీ వంటకీ ప్లాంటు నీళ్ళు వాడమ్మా, వాడకానికి ఇవి పర్లేదు అని చెప్పొచ్చారు.

సైన్స్ కాంగ్రెస్ జిల్లా స్థాయిలో జడ్జి గారు ఆ అబ్బాయిని ఒకే ప్రశ్న అడిగారు, ఈ లోతులన్నీ ఎక్కడి నుంచి తెచ్చావు, రికార్డులు ఉన్నాయా అని. "సగం మా నాన్న వేసినవే సార్" అన్నాడు, గొంతు తడబడకుండా. రాష్ట్రానికి ఎంపిక కాలేదు.

కాగితాల విషయానికొస్తే మనకేం లోటు లేదు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే ప్రతి బడికీ ఆటస్థలం, ఆట సామాను, గ్రంథాలయం ఉండాలని ఉంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మంది దాటితే చిత్రకళకీ, వ్యాయామానికీ, చేతిపనికీ పార్ట్‌టైం బోధకులు ఉండాలని కూడా ఉంది. 2020 జాతీయ విద్యా విధానం ఇంకో అడుగు ముందుకేసి చదువుకీ పాఠ్యేతరానికీ మధ్య గోడే ఉండకూడదంది, ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు సంచి లేకుండా వచ్చి వడ్రంగి దగ్గరో కుమ్మరి దగ్గరో పని నేర్చుకోమంది. ఇక మా సీసీఈ (నిరంతర సమగ్ర మూల్యాంకనం) రిజిస్టర్లలో కళలు, వ్యాయామం, పని, విలువలు అని సహపాఠ్య అంశాలకి గ్రేడ్లు వేసే పేజీలుంటాయి. ఆ గ్రేడ్లు నేనూ వేశాను. ఒక్క పాట పాడించకుండా, ఒక్క బొమ్మ వేయించకుండా, ఏడాది చివర ఒక మధ్యాహ్నం కూర్చుని నలభై మందికి ఎ, ఎ, బి, ఎ అని. ఆ పేజీలు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆగస్టు 29 కూడా అంతే. గిడుగు రామమూర్తి గారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం, అదే రోజు ధ్యాన్‌చంద్ జయంతి, జాతీయ క్రీడా దినోత్సవం. పొద్దున ఒక ఫొటో, మధ్యాహ్నం ఒక ఫొటో, వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తే పని అయిపోయినట్టే. ఫొటో పంపాల్సిన అవసరం లేని రోజుల్లో ఏం జరుగుతోందన్నదే నా బాధ.

డిసెంబరు వచ్చిందంటే పదో తరగతికి వంద రోజుల ప్రణాళిక, ఉదయం క్లాసు, సాయంత్రం క్లాసు, స్లిప్ టెస్టులు. అప్పుడు ఈ మూడు పీరియడ్ల మీద ఒత్తిడి మామూలుగా ఉండదు. ఒక్కో వారం మేం ఓడిపోతాం కూడా. రిజల్ట్ పడిపోతే ఎవరిది బాధ్యత అని అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. నేను చెప్పగలిగింది ఇంతే: ఆటల పీరియడ్లు ఇచ్చిన ఏడాది మా ఫలితాలు అంతకుముందు ఏడాదిలాగే వచ్చాయి. పెరిగాయని చెప్పను. ట్రిపుల్ ఐటీ సీట్లలో ఆటలకీ ఎన్‌సీసీకీ స్కౌట్స్‌కీ కోటా ఉంది అని తల్లిదండ్రులకి చెప్పి ఒప్పించొచ్చు, నేనూ చెప్తాను, నిజమే కాబట్టి. కానీ ఆ లెక్క మీదే నిలబడితే కోటా రాని పిల్లకి ఆట ఎందుకు అనే ప్రశ్న వస్తుంది. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ పదమూడేళ్ళకి, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది, తోడుగా ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే, భువనగిరి గుట్ట మీద మొదలుపెట్టారు. ఆ కథ మా పిల్లలకి ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు. నేను ఆ కథలో చూసేది మాత్రం ఇంకొకటి. ఆ ఇద్దరితో పాటు ఆ గుట్ట ఎక్కి, ఎవరెస్ట్ దాకా పోకుండానే ఇళ్ళకి తిరిగొచ్చిన పిల్లలు ఎంతమందో ఉంటారు కదా, వాళ్ళకీ ఆ గుట్ట దక్కింది.

ఈ జూన్‌లో టైం టేబుల్ గీసినప్పుడు పెన్ను నా చేతిలోనే ఉంది. చివరి గడిలో ఆటలు అని రాశాక పీడీ గారు పక్కన కుర్చీలో కూర్చుని చూస్తున్నారు, ఏమీ అనలేదు. శనివారం గడిలో నా పేరు రాసుకున్నాను.

పాత లాగ్‌బుక్ ల్యాబ్ అల్మారాలో ఉంది. మొన్న ఎనిమిదో తరగతి వాళ్ళిద్దరు అది తీసి చదువుకుని నా దగ్గరికి వచ్చారు, ఆ చెరువుకట్ట బోర్లు ఎండాకాలం కొలవలేదు కదా సార్, మేం కొలవొచ్చా అని. ఎండాకాలం సెలవుల్లో కిట్ ఎవరి దగ్గర ఉంచాలి, నీళ్ళు ఎవరు పట్టాలి అని ఇంకా తేలలేదు. ఒకళ్ళది కట్ట కిందే ఇల్లు, తను పడతానంటోంది. ముందు ఈ శనివారం వెళ్ళి ఇప్పటి లెక్క తీసుకుంటున్నాం. కిట్‌లో రసాయనం గడువు తేదీ ఒకసారి చూసుకోవాలి.